చిరునామా కూడా రాజకీయమే

బదిలీ ఉత్తర్వు నగరం పేరు చెబుతుంది, పేట పేరు చెప్పదు. ఆ ఖాళీని నింపుకోవడం వచ్చినవారి వంతు. అద్దె ఎంత, ఆఫీసు ఎంత దూరం, పిల్లల బడి ఎక్కడ, నీళ్లు సరిగా వస్తాయా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే ఇల్లు దొరికినట్టేనని చాలా కుటుంబాలు అనుకుంటాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో అది నిజమే కావచ్చు. ఢిల్లీకి వచ్చేవారికి ఈ నాలుగింటి వెనుక ఐదోది ఒకటి పొంచి ఉంటుంది: ఏ ప్రభుత్వం కింద ఉండాలి?

శివారుకు వెళితే రాష్ట్రమే మారిపోయే మహానగరం ఇది. మెట్రో నీలం లైనులో ద్వారక నుంచి బయలుదేరిన రైలు రాజీవ్ చౌక్ దాటి, యమున దాటి, మయూర్ విహార్ తర్వాత నోయిడాలోకి ప్రవేశిస్తుంది. ఉత్తరప్రదేశ్ వచ్చిందని రైల్లో ఎవరికీ అనిపించదు. పసుపు లైనులో దక్షిణానికి వెళితే హరియాణా. ఈ ఒక్క మహానగరంలోనే మూడు పోలీసు వ్యవస్థలు, మూడు విద్యుత్ టారిఫ్‌లు, మూడు శాసనసభలు ఉన్నాయి. రోజూ రెండుసార్లు సరిహద్దు దాటే లక్షలమందికి ఆ గీత కనిపించింది 2020లో. కరోనా లాక్‌డౌన్ వేళ హరియాణా, ఉత్తరప్రదేశ్ ఢిల్లీ సరిహద్దులను మూసివేశాయి. జూన్ మొదటివారంలో ఢిల్లీ కూడా మూసింది. ఆఫీసు ఒక రాష్ట్రంలో, ఇల్లు ఇంకో రాష్ట్రంలో ఉన్నవారు పాసులకోసం పడిగాపులు పడ్డారు. మూడు రాష్ట్రాలూ కలిసి ఒక విధానం తేవాలని సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. అప్పటిదాకా మెట్రో పటంలో రెండు స్టేషన్ల మధ్య దూరంగా ఉన్నది ఆ కొద్ది వారాలు రెండు దేశాల మధ్య దూరమైంది.

ఒకే ఉత్తర్వుతో హైదరాబాద్ నుంచి ఢిల్లీకి బదిలీ అయిన ఇద్దరు బ్యాంకు అధికారుల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఇద్దరిదీ ఒకే హోదా, ఒకే జీతం, పార్లమెంట్ స్ట్రీట్‌లో ఒకే ఆఫీసు. ఒకరిది గుంటూరు, మరొకరిది కర్నూలు. ఇద్దరికీ బడికి వెళ్లబోయే వయసు పిల్లలున్నారు. గుంటూరు అధికారి చేతిలోని జాబితాలో ఏడు పేట్లున్నాయి. ద్వారక, జనక్‌పురి, మయూర్ విహార్, నోయిడాలో రెండు సెక్టార్లు, ఇందిరాపురం, గురుగ్రామ్. ఏడింటికీ సెలవు రోజుల్లో భార్యతో కలిసి తిరిగారు. తిరిగినకొద్దీ అర్థమైంది ఏమంటే, ఇళ్లన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి. తేడా ఉన్నది ఇంటి గుమ్మం దాటిన తర్వాతే.

నోయిడా విశాలంగా ఉంటుంది. రోడ్లు వెడల్పు, పార్కులు ఎక్కువ, అదే అద్దెకు ఢిల్లీలో కంటే ఒక గది అదనంగా వస్తుంది. కానీ నోయిడా అన్నది ఊరి పేరు కాదు, ఒక సంస్థ పేరు. న్యూ ఓఖ్లా ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ అథారిటీ అన్న మాటల తొలి అక్షరాలవి. ఎమర్జెన్సీ కాలంలో, 1976 ఏప్రిల్ 17న అది పుట్టింది. 2011 జనగణన నాటికే 6.37 లక్షల జనాభా ఉన్న ఈ నగరానికి ఎన్నికైన మునిసిపాలిటీ లేదు, మేయర్ లేరు, వార్డు సభ్యుడు లేడు. పారిశ్రామిక నగరాలకు మునిసిపాలిటీ అక్కర్లేదనడానికి రాజ్యాంగంలోని 243-క్యు అధికరణం వీలు కల్పిస్తుంది. స్థానిక స్వపరిపాలనకు ప్రాణం పోసిందని చెప్పుకునే 74వ సవరణే ఈ మినహాయింపునూ ఇచ్చింది. వీధి దీపం వెలగకపోతే ప్రభుత్వం నియమించిన అధికారి కార్యాలయానికి వెళ్లాలి తప్ప, ఓటు కోసం మళ్లీ గుమ్మం ముందుకు రావలసిన మనిషి అక్కడ లేడు.

దాని ఫలితం ఎలా ఉంటుందో సెక్టార్ 93ఏలోని జంట భవనాలు చూపించాయి. తమ పక్కనే నిబంధనలకు విరుద్ధంగా లేచిన ఆకాశహర్మ్యాల మీద అక్కడి నివాసితుల సంఘం అలహాబాద్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఏళ్ల తరబడి పోరాడింది. నోయిడా అధికారులకూ నిర్మాణ సంస్థకూ మధ్య కుమ్మక్కు ఉందని 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాది ఆగస్టు 28న ఆ భవనాలు కొన్ని క్షణాల్లో నేలమట్టమయ్యాయి. దేశమంతా టీవీల ముందు కూర్చుని దుమ్మును చూసింది. ఒక ఇంటిముందు లేచిన అక్రమ కట్టడాన్ని ఆపడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లవలసి వచ్చిందన్న సంగతి ఆ దుమ్ములో కలిసిపోయింది.

గురుగ్రామ్ కథ వేరు. 1975 నాటి హరియాణా చట్టం ప్రైవేటు సంస్థలకు లైసెన్సులిచ్చి కాలనీలు వేయనిచ్చింది. నగరం ముందు వచ్చింది, నగరపాలక సంస్థ 2008లో వచ్చింది, దానికి తొలి ఎన్నికలు 2011లో జరిగాయి. గేటు లోపల పచ్చిక, ఈతకొలను, కరెంటు పోతే వెంటనే మోగే జనరేటర్. గేటు బయట కాలువ లేని రోడ్డు. 2016 ఏప్రిల్‌లో గుడ్‌గావ్ పేరును గురుగ్రామ్‌గా మారుస్తున్నట్టు ప్రకటించారు. అదే ఏడాది జూలై చివర కురిసిన ఒక్క వానకు వాహనాలు గంటల తరబడి, కొన్నిచోట్ల తెల్లవారేదాకా రోడ్లమీదే నిలిచిపోయాయి. ప్రతి సొసైటీ తన గోడ లోపల సొంత ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసుకోవచ్చు. వాననీటికి ఆ గోడలతో పనిలేదు.

ఢిల్లీ వైపున ఉంటే సమస్యలు లేవని కాదు. పోలీసులు కేంద్ర హోంశాఖ కింద, భూములు కేంద్రం కిందే ఉన్న ఢిల్లీ అభివృద్ధి సంస్థ చేతిలో, బడులూ ఆసుపత్రులూ నీళ్లూ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర, చెత్త నగరపాలక సంస్థ దగ్గర. పని జరగకపోతే ఒకరు మరొకరిని చూపిస్తారు. అయినా అడగడానికి ఒక కౌన్సిలర్, ఒక ఎమ్మెల్యే, ఒక ఎంపీ ఉంటారు. పైగా ఢిల్లీలోని చాలా ప్రైవేటు బడులు నర్సరీ ప్రవేశాల్లో ఇంటి దూరాన్ని బట్టి పాయింట్లు ఇస్తాయి. సరిహద్దు అవతల ఇల్లు తీసుకున్న కుటుంబానికి ఆ పందెంలో మొదటే వెనుకబాటు. గుంటూరు అధికారి చివరికి ద్వారకనే ఎంచుకోవడానికి ఇదే ప్రధాన కారణం. జనక్‌పురిలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడి దగ్గరలో ఉండటం పెద్దవాళ్లకు నచ్చింది. మూడు వారాల్లో గ్యాసు కనెక్షన్‌తో సహా అన్నీ కుదిరాయి.

కర్నూలు అధికారి జాబితా కూడా ఏడు పేట్లతోనే మొదలైంది. సహోద్యోగి ఇచ్చిన జాబితాయే అది. బ్రోకర్లు కూడా వాళ్లే. ఫోనులో ఉద్యోగం, జీతం, కుటుంబ సభ్యుల సంఖ్య చెప్పేదాకా సంభాషణ సాఫీగా సాగేది. ‘మీ పూర్తి పేరు?’ అని అడిగి, చెప్పగానే అవతలి గొంతు ఒక్క క్షణం ఆగేది. ఆ తర్వాత యజమాని అల్లుడు అమెరికా నుంచి వస్తున్నాడనో, ఇల్లు నిన్ననే ఇచ్చేశారనో, సొసైటీలో శాకాహారులే ఉంటారనో జవాబు వచ్చేది. నిన్ననే ఇచ్చేశారన్న ఇల్లు మరో పది రోజుల దాకా ప్రకటనల్లో కనిపించేది. ఒక బ్రోకరు మాత్రం నిజాయితీగా చెప్పాడు: ‘సార్, మీ టైమూ నా టైమూ వృథా చేసుకోవద్దు. ఓఖ్లా వైపు చూసుకోండి, అక్కడ మీవాళ్లే ఉంటారు.’ ఏడు పేట్ల జాబితా అలా జామియా నగర్, అబుల్ ఫజల్ ఎన్‌క్లేవ్, షాహీన్ బాగ్ అన్న మూడు పేర్లకు కుదించుకుపోయింది. మూడూ ఒకదాని పక్కన ఒకటి.

ఈ పరిస్థితిని చట్టం ఆపదా అన్న ప్రశ్న సహజం. రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో భాగం దుకాణాలు, హోటళ్లు, వినోదశాలలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లను పేరుపేరునా ప్రస్తావిస్తుంది. అక్కడ మతం, కులం పేరిట ఎవరినీ అడ్డుకోరాదంటుంది. అద్దె ఇంటి మాట ఆ జాబితాలో లేదు. ఒక మతం వారికే సభ్యత్వమన్న జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం నిబంధనను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదంది. అద్దెదారు పేరు విని తలుపు మూయరాదని చెప్పలేదు.

ఈ తలుపు కొత్తది కాదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరిన అంబేడ్కర్‌కు ఆ నగరంలో ఇల్లు దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని ఒక పార్సీ సత్రంలో తలదాచుకుంటే, కర్రలు పట్టుకుని వచ్చిన గుంపు వెళ్లగొట్టింది. హిందూ మిత్రుడూ, క్రైస్తవ మిత్రుడూ ఆశ్రయం ఇవ్వలేకపోయారు. ఆయన ఒక ఉద్యానవనంలో కూర్చుని గడిపి, బొంబాయి రైలెక్కారు. ఇప్పుడు కర్రలు అక్కర్లేదు, ఫోనులో ఒక్క క్షణం మౌనం చాలు. దళితులకు, ఒంటరి మహిళలకు, ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులకు ఆ మౌనం సుపరిచితమే. హైదరాబాద్ కాలనీల్లోని ‘వెజిటేరియన్లకు మాత్రమే’ బోర్డులు కూడా దానికి దూరపు చుట్టాలు కావు, దగ్గరి బంధువులే.

కర్నూలు అధికారి అబుల్ ఫజల్ ఎన్‌క్లేవ్‌లో దిగారు. ఇరుకు సందు, వేలాడే కరెంటు తీగలు, పార్కు లేదు, ఆఫీసుకు వెళ్లాలంటే మెట్రో లైను మారాలి. జీతానికి తగ్గ ఇల్లు కాదది, పేరుకు తగ్గదిగా ఇతరులు నిర్ణయించిన ఇల్లు. ఇరుగుపొరుగు మాత్రం తొలి రోజే భోజనం పంపారు. కొన్నాళ్లకు ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరో యథాలాపంగా అన్నారు: ‘వాళ్లు ఎక్కడికి వెళ్లినా వాళ్ల మధ్యే ఉంటారండీ.’ అనేవారికి ఏడు పేట్ల జాబితా సంగతి తెలియదు. తోసివేత ముందు జరుగుతుంది, గుమిగూడటం తర్వాత కనిపిస్తుంది. కనిపించేదానినే కారణంగా చెప్పుకోవడం సులువు. అహ్మదాబాద్‌లోని జుహాపురా 1973 వరద బాధితుల పునరావాస కాలనీగా మొదలై, 2002 హింస తర్వాత పెద్ద ముస్లిం వాడగా పెరిగిన తీరు తెలిసినవారికి ఈ క్రమం కొత్త కాదు. 2023 ఆగస్టు 1 తొలిజామున గురుగ్రామ్ సెక్టార్ 57లో మసీదు మీద దాడి చేసి నాయబ్ ఇమామ్‌ను చంపినప్పుడు, ఆ నగరంలోని పాకలనూ అద్దె గదులనూ ఖాళీ చేసి వెళ్లిన కూలీలు కూడా ‘మనవాళ్ల మధ్య’కే వెళ్లారు. భయం కూడా పట్టణ ప్రణాళిక గీస్తుంది.

గుంటూరు అధికారి ఉంటున్న భవనంలో మరుసటి ఏడాది కింది అంతస్తు ఖాళీ అయింది. యజమాని ఆయన్నే అడిగారు: ‘మీలాంటి మంచి కుటుంబం ఎవరైనా ఉంటే చెప్పండి.’ ఆయన సహోద్యోగి పేరు చెప్పారు. ఒకే బ్యాంకు, ఒకే హోదా, ఒకే భాష. యజమాని పేరు విని, ఇంట్లో అడిగి చెబుతానన్నారు. తర్వాతి నెలలో అక్కడ వేరే కుటుంబం దిగింది. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, నిబంధన ఏదీ ఉల్లంఘన కాలేదు. సొసైటీ సమావేశంలో గుంటూరు అధికారి ఈ విషయం ఎత్తితే, అది యజమాని ఇష్టమని అధ్యక్షుడు చెప్పి, లిఫ్టు మరమ్మతు అంశానికి వెళ్లిపోయారు. అద్దెదారుకు అక్కడ ఓటు లేదు.

ఓటు ఉన్నచోటైనా దాన్ని వాడుకోవాలి. కొత్త నగరానికి వచ్చినవారు గ్యాసు, ఇంటర్నెట్, ఆధార్ చిరునామా వెంటనే మార్చుకుంటారు. ఓటు మాత్రం ఏళ్ల తరబడి సొంత ఊళ్లోనే ఉండిపోతుంది. ఫారం 8 నింపితే చాలు, అది కొత్త చిరునామాకు వస్తుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో నోయిడా ఉన్న గౌతమ్ బుద్ధ నగర్ నియోజకవర్గంలో పోలింగ్ 54 శాతం కూడా చేరలేదు. దేశ సగటు 65 శాతం పైనే. మురుగు కాలువ గురించి, సరిహద్దు గురించి, అద్దె చట్టంలో రాయని వాక్యం గురించి అడగవలసిన మధ్యతరగతి తన పేరును ఆ ఊరి ఓటరు జాబితాలో ఉంచుకోకపోతే, ఆ ప్రశ్నలు అడిగేవారుండరు.

ఇల్లు చూడటానికి వెళ్లేవారు కుళాయి తిప్పి చూస్తారు, కిటికీ తెరిచి గాలి ఎటునుంచి వస్తుందో చూస్తారు. ఆ ఇల్లు ఎవరికి ఇవ్వరో కూడా ఒకసారి అడిగి చూడటం మంచిది. వచ్చే జవాబును బట్టి అక్కడ ఉండటమో మానడమో ఎవరి నిర్ణయం వారిది. అడిగిన తర్వాత మాత్రం, ఆ పేటలో అందరూ ఒకేలా ఉండటం కాకతాళీయమని అనుకోవడం కుదరదు.