ఖాళీ గడిని క్వెరీ చూడదు

మన యానాది పిల్లల లిస్టు యాక్సెస్ ఫైల్లో పెట్టుకుంటున్నాం కదా. నాగాయలంక, కోడూరు, గుడివాడ వైపు నుంచి మీరు పంపే పేర్లు బందరులో నేను ఎక్కిస్తుంటా. ఈసారి అప్‌డేట్ క్వెరీలు రెండు ఇబ్బంది పెట్టాయి. రేపు ఈ ఫైలు మీలో ఎవరి చేతికైనా రావచ్చు, అందుకే రాస్తున్నా.

మొదటిది జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న పాత కృష్ణా జిల్లా విడిపోయింది. బందరు, గుడివాడ, దివిసీమ కృష్ణాలోనే ఉన్నాయి. విజయవాడ, తిరువూరు ఎన్టీఆర్ జిల్లాకి, నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాకి వెళ్లాయి. మన ఫైల్లో మాత్రం అందరికీ ‘కృష్ణా’ అనే ఉంది. మండలాల లిస్టుతో కలిపి మారుద్దామంటే ‘ఆపరేషన్ మస్ట్ యూజ్ యాన్ అప్‌డేటబుల్ క్వెరీ’ అని ఆగిపోయింది. ఫైలున్న ఫోల్డర్‌లో రాసే పర్మిషన్ లేకపోయినా ఈ మాటే వస్తుంది. మన దాంట్లో కారణం వేరు. మండలాల పేర్లు రెండేసిసార్లు రాకుండా గ్రూప్ బై పెట్టిన క్వెరీని కలిపాం. గ్రూప్ బై ఉన్నదాన్ని కలిపితే యాక్సెస్ అప్‌డేట్ చేయనివ్వదు. దాన్ని మామూలు టేబుల్‌గా మార్చి, మండలం పేరుకి ప్రైమరీ కీ పెడితే పని అయిపోయింది.

రెండోది ఇంకా కష్టం, ఎందుకంటే ఎర్రరే రాలేదు. కుల ధ్రువీకరణ పత్రం కాలమ్‌లో ‘ఉంది’ కాని వాళ్లందరికీ ‘దరఖాస్తు పెట్టాలి’ అని రాయాలి. క్వెరీ నడిచింది, లిస్టు చిన్నగా వచ్చింది. ఇంతమందేనా అని సంతోషపడే లోపే, నాగాయలంక తమ్ముడు ఫోన్ చేసి, “అన్నా, మా పేటలో పత్రం లేని పిల్లలు ఒక్కరూ ఇందులో లేరే” అన్నాడు.

వాళ్ల గడులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ అంటే యాక్సెస్‌కి నల్, అంటే ‘తెలియదు’. తెలియనిదాన్ని ‘ఉంది’తో పోలిస్తే అవునూ కాదు, కాదూ కాదు. అందుకే క్వెరీ వాళ్లను వదిలేసి పోతుంది. షరతుకి ‘లేదా ఈజ్ నల్’ అని చేర్చాక అందరూ వచ్చారు.

ఆ ఖాళీలు ఎవరివో చూడండి. చెరువుల మీద కాపలాకి, పీతల వేటకి ఊళ్లు మారే ఇళ్ల పిల్లలవి. మనం వెళ్లినప్పుడు ఇంట్లో ఎవరూ ఉండరు, గడి అలాగే మిగిలిపోతుంది. పత్రం అందరికంటే ముందు కావాల్సింది వాళ్లకే. హాస్టల్ సీటైనా, స్కాలర్‌షిప్పైనా ఎస్టీ కింద రావాలంటే అదే అడుగుతారు.

ఇకమీదట అప్‌డేట్‌కి ముందు ఫైలు కాపీ తీసి పెట్టండి. అదే షరతుతో ముందు సెలెక్ట్ క్వెరీ నడిపి పేర్లు చదవండి, ఖాళీలు ఎన్నో విడిగా లెక్కపెట్టండి. పేర్లు పంపేటప్పుడు ఏ గడీ వదలొద్దు. ‘ఉంది’, ‘లేదు’, ‘అడగాలి’, ఈ మూడింట్లో ఒకటి రాయండి. ‘అడగాలి’ అని రాసిన ఇళ్లకి ఈ ఆదివారం కోడూరు నుంచి మొదలుపెట్టి వెళ్దాం. ఎవరెవరు వస్తారో కింద చెప్పండి.