వెల్లకిల తిరుగని చేయి

నేను బొల్లారములో ముప్పది యేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. నలుగురికి చెప్పుట, నలుగురికి ఇచ్చుట నాకు అలవాటు. ఒకరియొద్ద చేయి చాపుట మాత్రము నాకు చేతకాదు. ఆదివారము ఆరాధన ముగించుకొని వచ్చునప్పుడు రైలు స్టేషను దారిలో కూర్చుండు బీదలకు చిల్లర వేయుచుండువాడను. అయితే నా వ్రేలు వారి చేతికి తగులకుండ జానెడెత్తునుండి విడుచుచుంటిని. ఇది తప్పని నాకెన్నడును తోచలేదు.

రెండేండ్ల క్రిందట వానకాలమున ఒక ఉదయము మా యింటి మెట్లమీది పాచికి కాలు జారి, అరచేయి నేలకు ఆన్చి పడితిని. లేచి చూచుకొనగా నా కుడి మణికట్టు గరిటె వంపు తిరిగియుండెను. డాక్టరుగారు ఎక్స్‌రే పటమును వెలుగునకు ఎత్తి చూపి, “పంతులుగారూ, బొటనవ్రేలి వైపు ఎముక మణికట్టుకు కొంచెము పైన విరిగినది. పడినప్పుడు చేయి ఆన్చుకొనువారికి తరచుగా విరుగునది ఇదే” అనిరి. ఈ విరుగుటను 1814లో డబ్లిను పట్టణపు శస్త్రవైద్యుడు అబ్రహాము కాలిస్ వర్ణించి వ్రాసెనట. ఎక్స్‌రే కనుగొనబడినది 1895లో. అనగా ఆయన ఎముకను చూడకయే, కేవలము వ్రేళ్లతో తడిమి గ్రహించెనన్నమాట.

ఎముకను సరిచేసి ఆరు వారములు పట్టీ వేసిరి. పట్టీ విప్పిన దినమున నేను సంతోషముగా భోజనమునకు కూర్చుంటిని. అన్నము కలిపితిని, ముద్ద చేసితిని. గాని ముద్ద నోటికి రాక బుగ్గకు తగిలెను. మోచేయి వంగుచున్నది, వ్రేళ్లు ఆడుచున్నవి, కాని అరచేయి పైకి తిరుగుట లేదు!

చదువరులారా, ఒక్క నిమిషము ఈ పత్రిక ప్రక్కన పెట్టి మీ చేతిని చూచుకొనుడి. మోచేతిని ప్రక్కకు ఆనించి వంచి, అరచేయి బోర్లించుడి. ఇప్పుడు వెల్లకిల త్రిప్పుడి. మోచేయి కదలలేదు గదా! ముంజేతిలో రెండు ఎముకలున్నవి. చిటికెనవ్రేలి వైపున్నది అరత్ని. మనము మోచిప్ప అనుకొని బల్లకు ఆనించునది దాని కొనయే. అది భుజపు ఎముకను తలుపు బందువలె పట్టుకొని, వంగుటకును చాచుటకును మాత్రమే పనికివచ్చును. బొటనవ్రేలి వైపున్నది రత్ని. దాని పైకొన గుండీవలె గుండ్రముగా నుండి, ఒక కడియమువంటి కట్టులో తిరుగును. అరత్ని ద్వారబంధమైతే రత్ని తలుపు. చేయి వెల్లకిలగా నున్నప్పుడు రెండును ప్రక్కప్రక్కన నుండును. బోర్లించినప్పుడు రత్ని అరత్నికి అడ్డముగా పడును. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలు, వాటితో అరచేయి, రత్ని వెంటనే తిరుగును. నాకు విరిగినది ఆ తలుపే.

ఫిజియోథెరపీకి పోవుచుండగా అచ్చట ఒక వృద్ధుని చూచితిని. ఆయన భుజము నొప్పికి వచ్చువాడు. యౌవనమున ఆయనకు కుష్ఠువ్యాధి సోకెను. మోచేతి వెనుక లోపలి ప్రక్కన ఒక నరము చర్మమునకు మిక్కిలి దగ్గరగా పోవును. అది గట్టిగా తగిలినప్పుడే మనకు చిటికెనవ్రేలి దాక ఝుమ్మనును. దేహములో చల్లగా నుండు చోటులను వెదకుకొను ఆ వ్యాధిక్రిమి ఆ నరమును పాడుచేయగా ఆయన వ్రేళ్లు కొంకులు తిరిగిపోయెను. మందులచేత వ్యాధి నయమైనను వ్రేళ్లు చాచుకొనలేదు. అటుపిమ్మట శస్త్రచికిత్స జరిగినది.

ఈ చికిత్సలో పేరుపొందినవారు డాక్టరు పాల్ బ్రాండు. ఆయన 1914లో తమిళదేశపు కొల్లికొండలలో మిషనెరీల కుమారుడుగా పుట్టి, 1946లో వెల్లూరు ఆసుపత్రికి వచ్చెను. మన వ్రేళ్లలో కండరము లేదు; వాటిని లాగు కండరములలో పెద్దవి ముంజేతిలోనుండి, చేంతాళ్లవంటి స్నాయువులను మణికట్టు మీదుగా పంపును. ఈ రోగులలో ముంజేతి కండరములనేకము బలముగానే యున్నవని చూచి, వాటిలో ఒకదానిని చచ్చుబడిన వ్రేళ్లకు కలుపవచ్చునని ఆయన చేసి చూపెను. ఇచ్చుటకు ఒక కండరము, పుచ్చుకొనుటకు వ్రేళ్లు! అయితే పుచ్చుకొనుటను రోగి అభ్యాసముచేత నేర్చుకొనవలసినదే.

ఒకనాడు ఆ వృద్ధుడు తన సంచిలోనుండి పల్లీలు తీసి, “సారూ, చెయ్యి పట్టు” అనెను. నేను పట్టితిని. అరచేయి వాలుగా నుండుటచేత అన్నియు నేలకు జారిపోయెను. ఆయన నవ్వి, “పర్వాలే సారూ, రేపు రెండు నిలుస్తయి” అనెను. తరువాత మెల్లగా, “నా చెయ్యి ముడుచుకున్నప్పుడు పైసలు పైకెళ్లి ఇసిరేటోళ్లు. కిందబడ్డయి ఏరుకునేటోణ్ణి. చేతిల పెట్టినోడు ఒక్కడు గూడ లేకుండె” అనెను.

నేను తల యెత్తలేకపోతిని. జానెడెత్తునుండి చిల్లర విడుచు నా చేయి నాకు జ్ఞాపకము వచ్చెను. అది ఎన్నేండ్లనుండి బోర్లించియే యున్నది! ఎముక విరిగినది మొన్న. చేయి బిగిసినది ఎప్పుడో.

ఆ దినము మొదలుకొని పల్లీలే నాకు కొలబద్ద ఆయెను. ఆయన పెట్టునప్పుడెల్ల ఆయన వ్రేళ్లు నా అరచేతికి తగులుచుండెను. మొదట రెండు నిలిచెను, తరువాత అయిదు. ఆరవ వారమునకు పిడికెడు నిలిచెను. ఆ పల్లీలు ఆయనతో కూర్చుండి తింటిని.

మా బొల్లారములో 1847లో కట్టబడిన హోలీ ట్రినిటీ దేవాలయము కలదు. 1983లో ఎలిజబెతు రాణి అచ్చట ఆరాధనకు వచ్చెను. ఎంతవారైనను ప్రభుబల్లయొద్ద చేయి బోర్లించి రొట్టె నందుకొనలేరు. ఆ నెల మొదటి ఆదివారము నేను మా సంఘములో మోకరించి, ఎడమచేతిమీద కుడిచేతిని ఉంచి వెల్లకిల చాపితిని. రొట్టె జారలేదు. ఏండ్ల తరబడి పుచ్చుకొనుచున్నను, నాకు ఇవ్వబడినదని ఆనాడే తెలిసెను.

నా చేయి నేటికిని పూర్తిగా తిరుగదు. కొంచెము వాలు మిగిలియున్నది. స్టేషను దారిలో ఆగినప్పుడు ఇప్పుడు వంగి, చిల్లరను వారి అరచేతిలో పెట్టుచున్నాను. వారు అప్పుడప్పుడు నా వ్రేళ్లు పట్టుకొందురు. సహోదరులారా, సహోదరీలారా, మీ చేయి రెండు వైపులకును తిరుగుచున్నదా? తిరుగుచుండగానే దానిని వాడుకొనుడి.