చౌరంగీలో కాంక్రీటు

కలకత్తా నుంచి మద్రాసు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి ఖరగ్‌పూర్ దగ్గరే దక్షిణానికి మళ్లుతుంది. బిలాస్‌పూర్ నుంచి వచ్చే 49, మోర్‌గ్రామ్ నుంచి దిగే 14 ఈ ఊరితోనే ముగుస్తాయి. ఊరి అంచున చౌరంగీ కూడలిలో లారీల హోరు రాత్రయినా తగ్గదు. 16వ నంబరు దారే పలాస, శ్రీకాకుళం మీదుగా పోతుందని తెలిసిన మన తెలుగువాళ్లకు ఆ హోరులో సొంతూరు వినిపిస్తుంది.

ఇలాంటి కూడలిని బాగుచేయడమంటే బండ్లను ఆపకుండా బండ్ల కిందనే పనిచేయడం. సగం రోడ్డు మూసి, సగం నడపాలి. ప్లాంటులో కలిపిన మాలు గట్టిపడేలోగా మిల్లరు లారీ ట్రాఫిక్‌ను దాటి రావాలి. ఆ తొందరంతా పోత పోసేవరకే. పోశాక ఎవరూ ఏమీ తొందరపెట్టలేరు. కాంక్రీటు ఆరి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు గానీ, సిమెంటు నీటితో కలిసినప్పుడు జరిగే రసాయన చర్యే దాని బలం. నీరు ముందే ఆవిరైతే ఆ చర్య సగంలో ఆగి, పైన పగుళ్లు పడతాయి. అందుకే గోనెపట్టాలు పరిచి, రోజుల తరబడి తడుపుతూనే ఉంటారు. 28వ రోజున, అదే మాలుతో పోసిన 15 సెంటీమీటర్ల దిమ్మలను మరలో నొక్కి బలం చూస్తారు. హారన్ల మధ్య పైపు పట్టుకుని నీళ్లు కొట్టే మనిషి పనిని నేను ఆ కూడలిలోకెల్లా పెద్ద పనిగా చూస్తాను.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టినప్పుడు మన ఉత్తరాంధ్ర నుంచి ఎందరో పనికి వచ్చారు. రైలుకు రోజూ మరమ్మతు కావాలి, మరమ్మతుకు మనుషులు కావాలి. అందుకే వాళ్లకు క్వార్టర్లు వచ్చాయి, పిల్లలకు తెలుగు బడులు వచ్చాయి, వాళ్లు ఈ ఊరివాళ్లయ్యారు. కాంక్రీటుకు అంత అవసరం లేదు. ఎంత బాగా పోస్తే అంత త్వరగా తన కూలీని పంపించేస్తుంది. రోడ్డు నిలుస్తుంది, రేకుల క్యాంపు ఎత్తేస్తారు. ఇది నన్ను కలవరపెడుతుంది.

ఖరగ్‌పూర్ నుంచి మోర్‌గ్రామ్ దాకా 231 కిలోమీటర్ల నాలుగు వరుసల రహదారికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో అనుమతినిచ్చింది. అంచనా 10,247 కోట్ల రూపాయలు. అంటే మళ్లీ కొన్నేళ్ల పోత, కొన్నేళ్ల తడుపు, మళ్లీ క్యాంపులు. 2025 దాకా అమల్లో ఉన్న 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం వారికి వసతి, తాగునీరు ఇవ్వాలంది. 50 మందికి పైగా ఆడవాళ్లు పనిచేసే చోట వారి పసిపిల్లలకు గది ఉండాలంది. కాంక్రీటు దిమ్మకు తప్పనిసరైన 28వ రోజు పరీక్ష ఆ గదికీ ఉండాలి. పిల్లలు నీడన పడుకున్నారా, తాగునీరు వస్తోందా, ఎవరైనా ఒక కాగితం పట్టుకుని వెళ్లి చూడాలి. లేకపోతే మర్నాటి పోత ఆపాలి.