ఉప్పుగాలికి తగిన కంప్యూటరు

2017 మొదట్లో మా ఇంటికి నలభైమూడు అంగుళాల టీవీ వచ్చింది. మాది నెల్లూరు జిల్లాలో మైపాడు పక్కన పల్లె. ఇంటికి తూర్పున రొయ్యల గుంటలు, వాటి అవతల సరుగుడు తోట, అది దాటితే సముద్రం. టీవీని గోడకు బిగించడం అయిందో లేదో నాయన అడిగాడు: "అబ్బయా, పెద్దమ్మాయి పెళ్లి క్యాసెట్టు ఇందులో ఎట్టా చూసేది?"

నాయనకు తెరమీద బొమ్మంటే ప్రాణం. ఎనభైలలో మా ఊళ్లో పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ నెల్లూరు నుంచి కలర్ టీవీ, డెక్కు అద్దెకు తెచ్చేవాళ్లు. రామాలయం ముందు బల్ల వేసి, దానిమీద టీవీ పెట్టి, తెల్లారేదాకా సినిమా మీద సినిమా వేసేవాళ్లు. క్యాసెట్టు మార్చే పని నాయనదే. తర్వాత మోజర్ బేయర్ కంపెనీ 2007లో వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక అట్టపెట్టెల నిండా డిస్కులు చేరాయి. అక్క పెళ్లి, చెల్లెలి పెళ్లి, తాత షష్టిపూర్తి క్యాసెట్లను నెల్లూరులో ఒక స్టూడియోలో ఫైళ్లుగా మార్పించాం. ఇవన్నీ ఒకచోట ఉండి, రిమోటు నొక్కితే టీవీలో రావాలి. అందుకే టీవీకి విడిగా ఒక కంప్యూటరు కట్టాలనుకున్నాం.

ఇంట్లో అంతకుముందున్న కంప్యూటరు అప్పటికే చచ్చి మూలన పడి ఉంది. కొత్తదానికి భాగాలు ఎంచే ముందు దాన్ని విప్పాం. గుంటల కాడ ఏరియేటర్ల మోటార్లు చూసే ఎలక్ట్రీషియన్ అన్న కూడా పక్కన కూర్చున్నాడు. ఫ్యాను రెక్కల మీద గోధుమరంగు జిగురు గట్టిపడి ఉంది. ప్రాసెసరు మీది అల్యూమినియం రేకుల మధ్య తెల్లటి పొడి. బోర్డు బిగించిన మరలు తుప్పుపట్టి, స్క్రూడ్రైవరు పెడితే తలలు పొడిపొడిగా రాలాయి. రాగి బయటపడ్డ చోటల్లా పచ్చటి చిలుము. ర్యామ్ కాళ్లు మాత్రం బంగారు పూత వల్ల ఇంకా మెరుస్తున్నాయి. అన్న వేలితో ఆ జిగురు తీసి చూసి అన్నాడు: "ఇది వేడికి పోలా. ఫ్యాను పీల్చి పీల్చి సముద్రాన్నంతా లోపలికి తెచ్చింది."

ఆ మాటే నా ఎంపికకు దారి చూపింది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది కాబట్టి అది ఇంకా ముందే చెమరుస్తుంది. మా వైపు రాత్రిళ్లు, తెల్లవారుజామున గాలి ఆ గీతకు పైనే ఉంటుంది. బోర్డు మీద పడిన ఉప్పుదుమ్ము తడిసిందంటే అందులోంచి కరెంటు పారుతుంది, లోహాన్ని తింటుంది. ఎంత ఎక్కువ గాలి లోపలికి పోతే అంత ఉప్పు. ఎంత వేడి పుడితే అంత గాలి కావాలి. కాబట్టి మా ఊరికి కావలసింది వేడి తక్కువ పుట్టించే కంప్యూటరు. వేగం సంగతి దాని తర్వాతే.

నెల్లూరులో పినాకిని ఎక్కి మద్రాసు సెంట్రల్‌లో దిగి, ఆటోలో రిచ్చీ స్ట్రీట్‌కు పోయాను. మా జిల్లాలో రేడియో, టీవీ, కంప్యూటరు పని తెలిసిన ప్రతివాడికీ ఆ వీధి, దాని పక్కనే నరసింగపురం వీధి సొంత ఊరి బజారంత పరిచయం. ఒక కొట్టులో గ్రాఫిక్స్ కార్డు చూపించారు. వద్దన్నాను. అది పెడితే ఇంకో ఫ్యాను, ఇంకో వేడిపెట్టె. ఆ జనవరిలోనే ఇంటెల్ పెంటియం జీ4560 వచ్చింది. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, 54 వాట్ల రకం, ధర ఐదు వేలకు అటూ ఇటూ. నాకు నచ్చింది దాని లోపలి గ్రాఫిక్స్. పది బిట్ల హెచ్‌ఈవీసీ వీడియోను, యూట్యూబ్ వాడే వీపీ9 వీడియోను ఆ చిప్పులోనే విడిగా ఉన్న భాగం విప్పుతుంది. ప్రధాన కోర్లకు పెద్దగా పని పడదు, వేడి అంతగా పుట్టదు. అంతకు ముందు తరం పెంటియంలో ఈ సౌకర్యం లేదు. బోర్డు బీ250 రకం తీసుకున్నాను. చౌకగా వచ్చే హెచ్110 బోర్డుల్లో పాతవాటికి బయోస్ మార్చితే తప్ప ఈ ప్రాసెసరు పనిచేయదు. బీ250 అయినా ఆ తరం బోర్డుల్లో ఎక్కువ వాటికి హెచ్‌డీఎంఐ 1.4 వరకే ఉంటుంది, 4కే టీవీకైతే సెకనుకు 30 బొమ్మలకు మించి పంపలేదు. మా టీవీ ఫుల్ హెచ్‌డీ కాబట్టి అది చాలింది.

కంప్యూటరుకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. పల్లెలో కరెంటు పోవడం, ఇన్వర్టరు అందుకోవడం రోజూ ఉండేదే. మంచి ఎస్ఎంపీఎస్ కరెంటు ఆగాక కూడా 16, 17 మిల్లీసెకన్లు నిలబడుతుంది. ఇన్వర్టరు వెనక మీటను యూపీఎస్ వైపు పెడితే పది మిల్లీసెకన్ల చుట్టుపక్కల మారుతుంది. ఈ రెండు లెక్కలూ కలిస్తేనే సినిమా మధ్యలో కంప్యూటరు ఆగకుండా ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఎస్ఎంపీఎస్‌లు స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద మొరాయించవచ్చు. మా ఇన్వర్టరు ప్యూర్ సైన్ వేవ్ కాబట్టి నిశ్చింతగా అలాంటిదే తీసుకున్నాను.

క్యాబినెట్టుకు అడుగున దుమ్ము జాలీ ఉన్నది, నిదానంగా తిరిగే 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒక్కటే ఉన్నది ఎంచాను. విండోస్‌కు 120 జీబీ ఎస్ఎస్‌డీ, వీడియోలకు రెండు టీబీ హార్డ్ డిస్కు, నాయన డిస్కుల కోసం డీవీడీ డ్రైవు. హార్డ్ డిస్కు మీద చిన్న రంధ్రం, పక్కనే దాన్ని మూయవద్దనే హెచ్చరిక ఉంటాయి. అది డిస్కు ఊపిరి పీల్చే దారి, లోపల దానికి వడపోత ఉంటుంది. ఉప్పుకు భయపడి దానిమీద టేపు వేయకూడదు.

ఇంటికొచ్చి బిగించి, కోడి అనే ప్లేయరు వేసి అక్క పెళ్లి పెట్టాం. కెమెరా పందిరి ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతుంటే నాయన కళ్లు చిట్లించి, "బొమ్మ తట్టుకుంటా పోతుండాది అబ్బయా" అన్నాడు. ఆయన కన్ను సరిగ్గానే పట్టుకుంది. మన క్యాసెట్లు పాల్ పద్ధతివి, సెకనుకు 25 బొమ్మలు. కంప్యూటరు టీవీకి 60 పంపుతోంది. 25తో 60ని సమంగా భాగించలేం కదా, కొన్ని బొమ్మలు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు పడుతున్నాయి. వీడియోను బట్టి రిఫ్రెష్ రేటు మార్చే సెట్టింగు కోడిలో ఆన్ చేశాను. టీవీ 50కి మారింది. ఈసారి పందిరి, సన్నాయివాళ్లు, వరసగా కూర్చున్న మేనత్తలు ఒక్క కుదుపు లేకుండా సాగిపోయారు. చనిపోయిన మా పెద్ద మేనత్త తలతిప్పి నవ్వేదాకా చూసి, నాయన మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు.

అమ్మకు కీబోర్డు వద్దు. మామూలు కంప్యూటర్ బోర్డులకు టీవీ రిమోటు ఆదేశాలు హెచ్‌డీఎంఐ తీగలోంచి అందవు. రిచ్చీ స్ట్రీట్‌లోనే యూఎస్‌బీ రిసీవరుతో వచ్చే ఎంసీఈ రిమోటు తెచ్చాను. పైకి, కిందికి, ఓకే, వెనక్కి. ఆ నాలుగు మీటలతో అమ్మ ఇల్లంతటినీ కూర్చోబెట్టి షష్టిపూర్తి చూపించింది.

వానాకాలంలో ఒక నియమం పెట్టుకున్నాం. వాడినా వాడకపోయినా రోజూ కొంతసేపు కంప్యూటరు వేసి ఉంచడం. 30 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలి 38 డిగ్రీలకు వేడెక్కితే తేమ 55 శాతం లోపుకు దిగుతుంది. ఆ కాస్త గోరువెచ్చదనమే బోర్డును పొడిగా ఉంచుతుంది. ముసురు పట్టినన్ని రోజులూ ఆపేసి గుడ్డ కప్పితే లోపల చెమ్మ చేరుతుంది.

కృష్ణపట్నం వైపు బంధువు ఒకాయన తన ఇంటికీ అలాంటిదే కావాలని ఏ ప్రాసెసరు కొనాలో అడిగాడు. ముందు వేరే సంగతులు అడిగాను: ఇల్లు సముద్రానికి ఎంత దూరం, టీవీ గది కిటికీ ఏ వైపు, ఇన్వర్టరు ఏ రకం, రిమోటు ఎవరి చేతిలో ఉంటుంది. పత్రికల్లో వచ్చే జాబితాలు ఏసీ గదుల్లో పెట్టే కంప్యూటర్ల కోసం రాసినవి. వాటిలో వేగం మొదట ఉంటుంది, గాలి ఊసే ఉండదు. తీరంలో బతికేవాళ్లం మన జాబితా మనమే రాసుకోవాలి. నేను అడిగిన ఆ నాలుగు ప్రశ్నలకీ జవాబులు తెలిస్తే ప్రాసెసరు ఎంచడానికి పెద్దగా ఆలోచించనక్కర్లేదు.