ముందొచ్చే కుదుపు

2024 డిసెంబరు 4. పొద్దున్న ఏడున్నర కావస్తోంది. పాలు పొయ్యి మీద పెట్టి నిలబడ్డాను. గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. పిల్లి దూరిందనుకుని "ఛీ, పో" అని అదిలించాను కూడా! ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలితే హైదరాబాదులో మా గ్లాసులు మోగాయని తరువాత తెలిసింది.

"అయిపోయినట్టా అమ్మాయ్, మొదలైనట్టా?" అన్నారు అత్తయ్యగారు.

బి.ఏ. చదివినదాన్ని, నాకేం తెలుస్తుంది? ఉండబట్టలేక పుస్తకాలు తిరగేశాను. తీరా చూస్తే శాస్త్రజ్ఞుల్ని వేధించే ప్రశ్న కూడా అదేనట!

2011 మార్చి 9న జపాను ఈశాన్య తీరాన 7.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. అప్పటికి అదే పెద్దది. 11వ తేదీన 9.0 తీవ్రతతో మరొకటి వచ్చింది, వెనకాలే సునామీ. అప్పుడుగాని మొదటిది 'ముందొచ్చిన కుదుపు' అని తెలియలేదు. కాలిఫోర్నియా లెక్కల ప్రకారం, వంద భూకంపాల్లో సుమారు అయిదింటి తరువాతే వారంలోగా అంతకన్న పెద్దది వస్తుంది. ఆ అయిదూ ఏవో ఎలా పోల్చుకోవడం? చైనాలో 1975 ఫిబ్రవరిలో వరసగా చిన్న కుదుపులు వస్తుంటే హైచెంగ్ జనం ఇళ్లు వదిలి చలిలోకి వచ్చేశారు. చాలామంది ప్రాణాలు దక్కాయి. మరుసటేడు జులైలో తాంగ్‌షాన్‌కి అలాంటి హెచ్చరికే రాలేదు. తెల్లవారుజామున, నిద్రలో వుండగా వచ్చిన భూకంపానికి రెండు లక్షల నలభై వేలమందికి పైగా పోయారు.

చదువుతుంటే అమ్మ గుర్తొచ్చింది. పోయే ముందు వారమంతా మెట్ల మధ్యలో ఆగిపోయేది. "ఏం లేదే, కాస్త ఆయాసం" అనేది. ఓరోజు తాలింపు నన్ను పెట్టమని తను పీట మీద కూర్చుంది. పోయాక అందరం కూర్చుని అవన్నీ లెక్కపెట్టాం. "పక్కనే వుండి గమనించలేదా?" అన్నాడు అన్నయ్య. ఆ మాట ఎన్నేళ్లు గుచ్చుకుందో! మెట్ల మీద ఆగే అమ్మలు ఎందరు లేరు?

పెద్ద భూకంపం తరువాతి కుదుపులకి మాత్రం ఒక లెక్క వుంది. 1894లో ఒమోరి అనే జపాను శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. మొదటిరోజు వంద వస్తే పదోరోజుకి సుమారు పది, వందోరోజుకి ఒకటి. తగ్గుతూ పోతాయిగాని చప్పున ఆగిపోవు. దుఃఖమూ అంతే. ఇప్పటికీ ఏ పెళ్లిలోనో అమ్మ చీర రంగు కనిపిస్తే చాలు, లోపల గ్లాసులు గలగలమంటాయి.

మొన్న అత్తయ్యగారు మెట్ల మీద ఆగారు. మారు మాట్లాడకుండా ఆటో పిలిచాను. డాక్టరుగారు అన్నీ చూసి "ఏం లేదండీ" అన్నారు. డబ్బు దండగని అత్తయ్యగారు దారిపొడుగునా సణుగుతూనే వున్నారు.

దండగైనందుకే నాకెంత సంతోషమో!