తప్పుకోగల యుద్ధం

రాత్రి పదకొండు దాటాక మళ్లీ ఆ చెరువు దగ్గరికే వెళ్లాను. ఎల్డెన్ రింగ్ ఆటలో, లిమ్‌గ్రేవ్ అనే చోట, లోతులేని నీళ్ల మధ్య ఒక మంట, చుట్టూ కొందరు మనుషులు. దగ్గరికెళ్తే ఆకాశంలోంచి అఘీల్ దిగుతుంది. రెక్కల డ్రాగన్. నిప్పులు కక్కుతుంది, నేను చస్తాను. కూడబెట్టుకున్న రూన్లు (ఈ ఆటలో డబ్బులాంటివి) అక్కడే రాలిపోతాయి. వాటిని ఏరుకునేలోగా ఇంకోసారి చస్తే, ఇక అంతే సంగతులు.

తమాషా ఏమిటంటే, దాన్ని చంపాలని ఎవరూ అనలేదు. 2022లో వచ్చిన ఈ ఆటను అఘీల్ జోలికి పోకుండానే ముగించొచ్చు. ఆటలో నా గుర్రం టోరెంట్ మీదెక్కి ఒడ్డు వెంట సాగిపోతే సరి. నేను పోను. పౌరుషమో, నిద్ర పట్టకో. (రెండోదే అయ్యుంటుంది.)

ఈసారి చచ్చాక, తెర నల్లబడిన ఆ కాసేపట్లో ఎందుకో తర్రెం గుర్తొచ్చింది. దక్షిణ బస్తర్‌లో, బాసగూడ అవతలి ఊరు. 2021 ఏప్రిల్ 3న ఆ చుట్టుపక్కల అడవిలో మావోయిస్టులతో జరిగిన ఎదురుకాల్పుల్లో 22 మంది జవాన్లు చనిపోయారు. ఇప్పపూలు రాలే కాలం. పొద్దున్నే గంపతో చెట్టు కిందికి వెళ్లే మనిషిని, ఈ యుద్ధం నీకు కావాలా అని ఎవరడుగుతారు? ఒడ్డు వెంట దారేది? గుర్రమేది?

తెర మళ్లీ వెలిగింది. గుర్రాన్ని గట్టు మీదే ఆపాను. నీళ్ల మధ్య మంట అలాగే ఉంది.