హ్యాండిల్ కప్పులకీ జత కుదరాలి!

ముందు బ్రేకు నొక్కి సైకిల్‌ని అటూ ఇటూ కదిపితే హ్యాండిల్ దగ్గర టకటకమంటోందా? బిగించినా ఆగకపోతే లోపలి కప్పులు, బాల్స్ అరిగినట్టే.

భవానీపురంలో ఓ రిటైర్డ్ మాస్టారి పాత అట్లాస్‌కీ అదే జబ్బు. ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే ఆగిపోయింది. ‘కొత్తది కొనుక్కో నాన్నా’ అన్నాడు కొడుకు. ‘నువ్వు బడికెళ్లింది దీనిమీదేరా’ అన్నారాయన.

చూపుకి సెట్లన్నీ ఒకటే. కానీ థ్రెడ్లు కొన్నిటికి అంగుళానికి 24, కొన్నిటికి 26. తేడా చూడకుండా బలవంతంగా బిగిస్తే ఫోర్కే పాడవుతుంది. ఫోర్కుపై కూర్చునే రింగులోనూ 26.4, 27 మిల్లీమీటర్ల రకాలున్నాయి. వదులైతే హ్యాండిల్ మళ్లీ ఊగుతుంది.

అందుకే మెకానిక్ పాత సెట్ విప్పి, ‘దీన్ని పట్టుకెళ్లి జత చూసుకుని తెండి మాస్టారూ’ అన్నాడు. షాపుకెళ్లేటప్పుడు ఎవరైనా చేయాల్సింది అదే.